వడ్డీ, కౌలు, కూలి: క్రైస్తవుడు పెట్టుబడిదారీ పద్ధతిని ఎక్కడ ఒప్పుకోవాలి, ఎక్కడ ఆగాలి?

బ్రాడీపేట అడ్డరోడ్డు | సోమవారం ఉదయం 7:10

అందరికీ వందనాలు. గుంటూరులో మా సంఘం యౌవనుల కూటానికి "పెట్టుబడిదారీ విధానం వాక్యానుసారమా?" అనే అంశం ఇచ్చారు. పెద్దల కమిటీ ముందు ఇంకో ప్రతిపాదన ఉంది. సంఘం దగ్గరున్న 3,00,000 రూపాయలతో చిన్న అప్పుల నిధి పెట్టి, రోజువారీ ఫైనాన్సుల్లో ఇరుక్కున్న కుటుంబాలకు ఇద్దామని. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే ప్రశ్న. వడ్డీ తీసుకోవచ్చా? తీసుకోకపోతే నిధి ఎన్నాళ్లు నిలుస్తుంది? వచనాలతో పాటు లెక్కలు కూడా చెప్పండి, కమిటీలో లెక్కలే అడుగుతారు.

పాత నిబంధన విద్యార్థి | సోమవారం ఉదయం 9:25

వచనాలు ముందు. నిర్గమకాండము 22:25, లేవీయకాండము 25:35-37, ద్వితీయోపదేశకాండము 23:19-20. మూడూ ఒకటే చెప్పవు, కలిపేసి చదివితే తప్పుదారి పడతాం. మొదటి రెండిట్లో అప్పు తీసుకునేవాడు బీదవాడు, చెయ్యి వణికిపోయినవాడు. అతనికి ఇచ్చేది తిండికి, బతుక్కి. మూడోది సహోదరుడి దగ్గర అసలు వడ్డీయే వద్దంటుంది, పరదేశి దగ్గర తీసుకోవచ్చంటుంది. ఆ కాలపు పరదేశి అంటే ఎక్కువగా బయటినుంచి వచ్చిన వర్తకుడు.

హీబ్రూలో వడ్డీకి "నెషెక్" అన్న మాట ఉంది. దాని ధాతువుకు అర్థం కరవడం. పాము కాటుకు వాడే మాట కూడా అదే.

నెహెమ్యా 5వ అధ్యాయం మన జిల్లాలో చదవాల్సిన అధ్యాయం. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకున్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. పిల్లల్ని దాస్యానికి పంపారు. నెహెమ్యా ప్రధానుల్ని నిలదీసి "నూరవ భాగము" తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. తానూ, తన బంధువులూ అప్పులిచ్చినవాళ్లమేనని 10వ వచనంలో ఒప్పుకున్నాడు. మాటతో వదల్లేదు, యాజకుల్ని పిలిపించి ప్రమాణం చేయించాడు. నూరవ భాగమంటే నెలకు నూటికి ఒకటని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. మన భాషలో రూపాయి వడ్డీ. మనం ధర్మవడ్డీ అని పిలుచుకునేదాన్నే ఆయన వెనక్కి ఇప్పించాడు.

నోటు చెల్లు | సోమవారం ఉదయం 11:02

రూపాయి వడ్డీ మీద చర్చ తర్వాత. ముందు మన దగ్గర ఏం నడుస్తోందో లెక్కలో చూడండి.

రోజువారీ ఫైనాన్సులో 10,000 అప్పు అంటారు. ముందే 1,000 కోసుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు. "నూటికి పది" అని వినిపిస్తుంది, కానీ 9,000 మొత్తం 100 రోజులూ మన దగ్గర ఉండదు, రోజూ తగ్గుతూ పోతుంది. రోజురోజు నిల్వ మీద లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 77 శాతం. ముందు కోత 1,500 అయితే 120 శాతం దాటుతుంది.

ఇక ప్రామిసరీ నోటు. లక్షకు రెండు రూపాయల వడ్డీ, బారు వడ్డీ అనే చెబుతారు. కాలదోషం, అంటే కోర్టుకెళ్లే గడువు, మూడేళ్లు కాబట్టి మూడేళ్లకోసారి నోటు తిరగరాస్తారు, వడ్డీ అసల్లో కలుస్తుంది. మూడేళ్లకు 1,72,000. ఆరేళ్లకు 2,95,840. తొమ్మిదేళ్లకు 5,08,845. నిజంగా బారు వడ్డీ అయితే తొమ్మిదేళ్లకు 3,16,000 మాత్రమే. మాట బారు వడ్డీ, పని చక్రవడ్డీ. దీనికి మార్గం తిరగరాయకపోవడమే. గడువు లోపల ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఇచ్చినవాడి హక్కు పోదు, తీసుకున్నవాడి అసలు పెరగదు. ఈ ఒక్క సంగతి యౌవనుల కూటంలో బోర్డు మీద రాసి చూపించండి.

కృష్ణలంక లెక్కలు | సోమవారం మధ్యాహ్నం 1:40

నోటు చెల్లు గారి లెక్క సరైనదే. కానీ దీన్ని పెట్టుబడిదారీ విధానం అనడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఇది పోటీ లేని చోట పుట్టిన దోపిడీ. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం (విపరీత వడ్డీకి అప్పులిచ్చి బెదిరించి వసూలు చేయడం) బయటపడినప్పుడు చూశాం కదా. అక్కడ స్వేచ్ఛా విపణి ఎక్కడుంది, భయం తప్ప?

సొంత ఆస్తిని వాక్యం ఎక్కడా కొట్టివేయలేదు. దొంగిలకూడదు అన్న ఆజ్ఞకు అర్థం ఉండాలంటే ఆస్తి ఉండాలి. నాబోతు ద్రాక్షతోట రాజైనా లాక్కోకూడదన్నదే 1 రాజులు 21. ఆది సంఘంలో అందరూ అన్నీ ఉమ్మడిగా పెట్టుకున్నారంటారు. అక్కడే, అపొస్తలుల కార్యములు 5:4లో, పేతురు అననీయతో ఆ పొలం అమ్మకముందు నీదే, అమ్మాక సొమ్ము కూడా నీ వశంలోనే ఉంది కదా అంటాడు. అతనికి శిక్ష పడింది సొమ్మంతా ఇవ్వనందుకు కాదు, అబద్ధమాడినందుకు. పైగా మత్తయి 25:27లో యజమాని నా సొమ్ము సాహుకారుల దగ్గర ఉంచితే వడ్డీతో తీసుకునేవాణ్ని అంటాడు. తలాంతు అంటే 6,000 దేనారాలు, ఒక కూలి దాదాపు 20 ఏళ్ల కష్టం. అంత పెట్టుబడిని పాతిపెట్టడమే అక్కడ నేరం.

గుణదల మెట్లు | సోమవారం సాయంత్రం 6:15

కృష్ణలంక గారూ, అదే యజమాని తనను తాను "విత్తని చోట కోసేవాడు" అని ఒప్పుకుంటాడు కదా. ఉపమానంలో యజమాని పద్ధతిని ఆర్థిక ఆజ్ఞగా తీసుకుంటే లూకా 16లోని అన్యాయపు గృహనిర్వాహకుణ్ని కూడా ఆదర్శంగా పెట్టుకోవాల్సి వస్తుంది.

సంఘ చరిత్ర చూస్తే దారి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 325 నైసియా సభ 17వ నియమం వడ్డీకి ఇచ్చే గురువుల్ని పదవి నుంచి తీసెయ్యమంది. 1179 మూడో లాటరన్ సభ బహిరంగంగా వడ్డీ వ్యాపారం చేసేవారికి సత్ప్రసాదం ఇవ్వొద్దంది. పునీత థామస్ అక్వినాస్ వాదన ఇదీ: ఇల్లు అద్దెకిస్తే ఇల్లూ మిగులుతుంది, వాడకమూ వేరుగా ఉంటుంది. డబ్బు వాడటమంటే ఖర్చు పెట్టేయడమే. కాబట్టి డబ్బు తిరిగి తీసుకుని వాడకానికి వేరే ధర కూడా తీసుకుంటే ఒకే వస్తువుకు రెండుసార్లు ధర పుచ్చుకున్నట్టు.

అలాగని సంఘం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1462లో ఇటలీలోని పెరుజాలో ఫ్రాన్సిస్కన్ గురువుల ప్రోద్బలంతో బీదల తాకట్టు నిధి మొదలైంది. వస్తువు పెట్టుకుని చిన్న అప్పు ఇచ్చేవారు. గుమాస్తా జీతానికి, గోదాము ఖర్చుకు కొద్దిపాటి రుసుము తీసుకునేవారు. ఇది కూడా వడ్డీయేనని దశాబ్దాలు కొట్లాడుకున్నారు. 1515లో అయిదో లాటరన్ సభ తేల్చింది: నిర్వహణ ఖర్చు మేరకే అయితే, లాభం కోసం కాకపోతే తప్పు కాదు. బ్రాడీపేట వారి కమిటీ ముందున్న ప్రశ్న సరిగ్గా ఇదే. 500 ఏళ్ల కిందటే జవాబు వచ్చింది.

పాత నిబంధన విద్యార్థి | సోమవారం రాత్రి 8:05

ప్రొటెస్టంటు పక్షం కూడా చెప్పాలి. 1545లో ప్రొటెస్టంటు సంస్కర్త కాల్విన్ రాసిన ఉత్తరంలో వడ్డీని పూర్తిగా నిషేధించలేదు. వ్యాపారానికి ఇచ్చినదాని మీద ఒప్పుకున్నాడు. అవసరంలో ఉన్న బీదవాడి దగ్గర తీసుకోవద్దన్నాడు, వడ్డీనే వృత్తిగా పెట్టుకోవద్దన్నాడు. "కాల్విన్ వడ్డీకి తలుపు తీశాడు" అని చెప్పేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. తలుపు తీసింది నిజమే, గొళ్లెం కూడా పెట్టాడు.

పరిగె | సోమవారం రాత్రి 10:30

మీరంతా వడ్డీ దగ్గరే ఆగిపోయారు. గుంటూరు జిల్లాలో పెట్టుబడి మొదట తగిలేది భూమి దగ్గర.

లేవీయకాండము 25:15-16 చూడండి. సునాద సంవత్సరానికి (భూములు పాత యజమానులకు తిరిగి వెళ్లే యాభయ్యో ఏడు) ఎన్నేళ్లుంటే అన్ని పంటల లెక్కన ధర కట్టమంటుంది. ఏళ్లు తక్కువైతే ధర తక్కువ. అంటే అమ్మేది భూమి కాదు, పంటల్ని. మన మాటలో అది కౌలు. అయితే తేడా ఎక్కడంటే మిరప భూమికి నగదు కౌలు ముందే కట్టించుకుంటారు. కౌలు రైతు దగ్గర ఆ సొమ్ము ఉండదు, నారు పోయకముందే రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. తామర పురుగు వచ్చి పంట పోతే భూమి యజమానికి ఏమీ పోదు. విత్తనం, ఎరువు ఇచ్చిన కమీషన్ వ్యాపారికి సరుకు మీద పట్టు ఉంటుంది. నష్టమంతా ఒక్కడి మీదే.

ఇక్కడ మధ్యయుగపు క్రైస్తవ సూత్రం పనికొస్తుంది: నష్టంలో పాలు పంచుకున్నవాడికే లాభంలో పాలు. మన దగ్గర దీనికి మాట ముందే ఉంది, "పాలుకు ఇవ్వడం". సగపాలు పద్ధతిలో పంట పోతే ఇద్దరికీ పోతుంది. భూమికి అద్దె పుచ్చుకోవడం తప్పని నేను అనను, అక్వినాస్ కూడా అనలేదు. అయినా భూమి ఉన్న విశ్వాసి కనీసం కౌలును రెండు భాగాలు చేసి, సగం మాత్రం ముందు తీసుకుని, మిగతా సగం కోత అయ్యాక దిగుబడిని బట్టి తీసుకోవచ్చు కదా. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల పత్రం మీద యజమాని సంతకం పెడితే రైతుకు బ్యాంకు అప్పు, పంట బీమా దారి తెరుచుకుంటాయి. భూమి హక్కుకు ఆ పత్రంతో ఏ భంగమూ లేదు. ఆ సంతకం పెట్టకపోవడమే ఎక్కువ చోట్ల అడ్డు. ఆదివారం కానుక వేసే చేత్తో ఈ సంతకం పెడితే బాగుంటుంది.

మిర్చియార్డు కాటా | మంగళవారం ఉదయం 5:50

త్రాసు గురించి ఎవరూ ఎత్తలేదు. ఆమోసు 8:5 తూము చిన్నది చేసి, దొంగ త్రాసు పెట్టేవాళ్ల గురించే. లేవీయకాండము 19:35-36 న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు ఉండాలంటుంది.

టిక్కీ, అంటే మిరప గోనె సంచి, 45 కిలోలు అనుకోండి. గోనె బరువు అసలుకన్నా అర కిలో ఎక్కువ పట్టుకుని తరుగు తీస్తే 100 టిక్కీలకు 50 కిలోలు. కిలో 150 అనుకుంటే 7,500 రూపాయలు. నమూనాకని తీసే మచ్చు కాయలు వేరు. సంచి మీద సంచి చూస్తే అర కిలోయే, ఎవరికీ దొంగతనంలా కనపడదు.

చేయాల్సినవి ఇవి. ఖాళీ గోనెలు పది ఒకేసారి కాటా మీద పెట్టి పదితో భాగించి తరుగు కట్టాలి, నోటి లెక్క వద్దు. తడిసిన గోనె, పొడి గోనె వేరు చేయాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖ ముద్ర 12 నెలలకోసారి పడాలి, తేదీ చూడాలి. సంచి పెట్టకముందు సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. మచ్చు కాయలు చివర్లో రైతు సంచిలోకే తిరిగి పోయాలి.

విపణి మంచిదా చెడ్డదా అని మీరు చర్చించుకోండి. తూకం సరిగ్గా లేని చోట అసలు విపణి లేదు.

కృష్ణలంక లెక్కలు | మంగళవారం ఉదయం 8:20

కాటా గారూ, మీ చివరి వాక్యాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. నేను చెప్పాలనుకున్నది అదే. జాన్ పాల్ 2 పోపు 1991 విశ్వలేఖ 42వ పేరాలో పెట్టుబడిదారీ విధానం మంచిదా అని అడిగి రెండు జవాబులిస్తారు. వ్యాపారానికి, ఆస్తికి, మనిషి సృజనకు చోటిచ్చేదైతే అవును. ఆ స్వేచ్ఛకు చుట్టూ గట్టి చట్టపు కట్టడి లేకపోతే కాదు.

గుణదల మెట్లు | మంగళవారం ఉదయం 9:00

దానికి 100 ఏళ్ల ముందు, 1891లో పోపు లియో 13 రాసినదాన్ని కూడా చదవాలి. ఆయన సోషలిజాన్ని తిరస్కరించి సొంత ఆస్తిని సమర్థించారు. అదే లేఖలో ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైపోదన్నారు. ఆకలికి భయపడి తక్కువ కూలికి ఒప్పుకుంటే అది బలవంతమేనన్నారు. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి, మిరప కోతకు ముఠాలను పిలిపించుకునే చోట ఇది ప్రతి సీజన్లో వచ్చే ప్రశ్న. ద్వితీయోపదేశకాండము 24:15 పొద్దు గుంకకముందే కూలి ఇవ్వమంటుంది. మేస్త్రీకి మొత్తం ఇచ్చేశాం, మా బాధ్యత తీరింది అనడం కుదరదు. యాకోబు 5:4లో మొరపెట్టేది పొలం కోసినవాళ్ల కూలి, మేస్త్రీ కమీషన్ కాదు. కూలి ఎవరిది వాళ్ల చేతికి, లేదా వాళ్ల ఖాతాకే పోవాలి.

నోటు చెల్లు | మంగళవారం ఉదయం 11:30

నిధి సంగతికి వస్తాను. బ్రాడీపేట గారూ, నా సూచన ఇదీ.

ఏడాది ఖర్చులు: పద్దు పుస్తకం, రసీదులు, స్టాంపులు 1,500. ఆడిట్ 4,500. రాని బాకీల కింద నూటికి రెండు చొప్పున 6,000. మొత్తం 12,000. 3,00,000 మీద అది 4 శాతం. కాబట్టి 10,000 అప్పుకు 400 రుసుము, పది నెలల వాయిదాలు. నూటికి నెలకు 33 పైసలే పడుతుంది.

కృష్ణలంక లెక్కలు | మంగళవారం మధ్యాహ్నం 12:15

ఇందులో తప్పుంది, అదీ రోజువారీ ఫైనాన్సులో మీరే చూపించిన తప్పు. నెలకు 1,000 చొప్పున తీరుతుంటే పది నెలల్లో సగటు నిల్వ 5,500 మాత్రమే. 5,500 మీద పది నెలలకు 400 అంటే ఏడాదికి 8.7 శాతం. 33 పైసలు కాదు, 73 పైసలు. తిరిగొచ్చిన సొమ్ము మళ్లీ అప్పుగా వెళ్తుంది కాబట్టి, పదో వంతు చేతిలో ఉంచుకున్నా మీరు 12,000 బదులు ఏడాదికి సుమారు 23,500 వసూలు చేస్తారు. ఖర్చుకు మించింది లాభమే, 1515 సభ గీసిన గీత దాటినట్టే.

సరైన పద్ధతి: పదో వంతు, అంటే 30,000, చేతిలో ఉంచుకోండి. తిరిగేది 2,70,000. 12,000ను దానితో భాగిస్తే 4.44 శాతం, నెలకు 37 పైసలు. దాన్ని మిగిలిన బాకీ మీదే కట్టండి. 10,000 మీద పది నెలలకు మొత్తం 204 రూపాయలు అవుతుంది. ఏడాది చివర మిగిలితే పంచుకోవద్దు, వచ్చే ఏడాది రుసుము తగ్గించండి.

నోటు చెల్లు | మంగళవారం మధ్యాహ్నం 12:40

నిజమే. 204 పెట్టుకోండి. 400 తీసెయ్యండి.

పరిగె | మంగళవారం మధ్యాహ్నం 3:05

కృష్ణలంక గారూ, ధరలు పెరిగే లెక్క ఎక్కడ? ఖర్చు మాత్రమే రాబట్టుకుంటే మూడు లక్షల విలువ ఏటేటా తగ్గుతుంది.

కృష్ణలంక లెక్కలు | మంగళవారం మధ్యాహ్నం 3:30

తగ్గుతుంది. దాన్ని బీదవాడి దగ్గర కాదు, కానుకల్లోంచి పూడ్చాలి. ఏటా కోతల పండుగ కానుకలో ఒక భాగం నిధికి వేయాలని తీర్మానం చేసుకుంటే సరిపోతుంది. 1 కొరింథీయులకు 16:2 కూడా వారం వారం పక్కన పెట్టమనే చెబుతుంది.

గుణదల మెట్లు | మంగళవారం సాయంత్రం 5:45

ఇలాంటి నిధులు ఎక్కడ కూలిపోతాయో చెప్పాలి. మొదటిది, కమిటీ వాళ్ల బంధువులే ముందు తీసుకుంటారు. రెండోది, నాకు నువ్వు నీకు నేను అని ముగ్గురు ఒకరికొకరు జామీను ఉంటారు. ఒకడు ఆగితే ముగ్గురూ ఆగిపోతారు. మూడోది, పాత బాకీ తీర్చడానికి కొత్త అప్పు ఇస్తారు. పుస్తకంలో వసూలు నూటికి నూరు, పెట్టెలో డబ్బు సున్నా. నాలుగోది, వాయిదా తేదీ. మిరప రైతుకు డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. అతనికి నవంబరులో వాయిదా పెడితే బయట వడ్డీకి తెచ్చి మీకు కడతాడు. తోపుడుబండి వాడికి నెల వాయిదా కన్నా వారం వాయిదా మేలు.

వీటన్నిటికీ జర్మనీలో రైఫైజెన్ 1860లలో మందు కనిపెట్టాడు. క్రైస్తవ విశ్వాసంతో పనిచేసినవాడు, ఊరి మేయరు. ఒక్క ఊరు లేక విచారణకే (ఒక చర్చి పరిధికే) సంఘం పరిమితం, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. పనికొచ్చే అవసరానికే అప్పు. పదవులకు జీతం లేదు, పద్దు రాసేవాడికే. మిగులు పంచుకోరు. మన మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం నికల్సన్ అనే అధికారి చేత చేయించిన 1895 నివేదిక సారాంశం రైఫైజెన్ లాంటివాణ్ని వెతకండి అనే. 1904 సహకార పరపతి చట్టం ఆ దారిలోనే వచ్చింది. ఛోటానాగ్‌పూర్‌లో 1909లో జెస్యూట్ గురువు హాఫ్‌మన్ ఆదివాసీల కోసం పెట్టిన పరపతి సంఘం కూడా ఆ కోవదే. పెట్టుబడిదారీ, సోషలిజం రెండే దారులని యౌవనులకు చెప్పకండి.

బ్రాడీపేట అడ్డరోడ్డు | మంగళవారం రాత్రి 9:15

చాలా మేలు చేశారు. రెండు సందేహాలు. హామీగా ఏం తీసుకోవాలి? కట్టకపోతే ఏం చేయాలి? సంఘంలో పేరు చదవాలని, ప్రభువు బల్లకు (సత్ప్రసాదానికి) రానివ్వొద్దని కమిటీలో కొందరంటున్నారు.

పాత నిబంధన విద్యార్థి | మంగళవారం రాత్రి 10:00

ద్వితీయోపదేశకాండము 24:6 తిరగటిని గానీ దాని పై రాయిని గానీ తాకట్టు పట్టవద్దంటుంది, అది ఆ మనిషి జీవనాన్ని తాకట్టు పట్టడమే కాబట్టి. ఆటో ఆర్‌సీ, కుట్టుమిషను, ఏటీఎం కార్డు, రేషన్ కార్డు ఇవన్నీ నేటి తిరగళ్లు. ముట్టుకోవద్దు. 10, 11 వచనాలు అప్పిచ్చినవాణ్ని ఇంట్లోకి వెళ్లొద్దు, బయట నిలబడమంటాయి. వసూలుకు వెళ్లేవాళ్లకు ఇదే మొదటి నియమం.

కట్టనివాడి విషయంలో మత్తయి 18:15-17 మెట్లు ఉన్నాయి. ముందు ఒక్కరే వెళ్లి ఏకాంతంగా మాట్లాడాలి. తర్వాత జామీనుదారులు ఇద్దరితో. ఆ తర్వాత కమిటీ. ఉద్యోగం పోయిందో, జబ్బో అయితే మొదటి మెట్టులోనే వాయిదా మార్చేయాలి. ఆరాధనలో పేరు చదవడం ఒప్పుకోకండి. బల్ల విషయానికొస్తే గుణదల గారు చెప్పిన 1179 నియమం గుర్తు చేయండి. ఆ నియమం సత్ప్రసాదం ఆపింది వడ్డీ తినేవాడికి, బాకీపడినవాడికి కాదు.

నోటు చెల్లు | బుధవారం ఉదయం 6:40

ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం తీసుకోకండి. స్టాంపు అంటించి సంతకం పెట్టిన ఖాళీ నోటును పూరించే అధికారం పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది. ఈ రోజు కమిటీ మంచిదే, పదేళ్ల తర్వాత కమిటీ ఎవరో తెలియదు. అంకె, తేదీ, రుసుము అన్నీ రాశాకే సంతకం, నకలు అప్పు తీసుకున్నవాడి చేతికి. నోటులో వడ్డీ రేటు అసలు రాయకపోతే కోర్టు ఏడాదికి 18 శాతం వేయవచ్చు, కాబట్టి మీ 37 పైసల్ని అక్షరాల్లో కూడా రాయండి.

ఇంకోటి. సంఘం ట్రస్టు ఖాతా నుంచి నేరుగా అప్పులివ్వకండి. కమిటీ వాళ్లకో వాళ్ల బంధువులకో వెళ్తే ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు. రిజిస్ట్రేషన్ లేకుండా జనం దగ్గర డిపాజిట్లు పట్టి అప్పులివ్వడం ఆర్‌బీఐ చట్టం 45ఎస్ కింద నేరం. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయించండి. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి. బైలాలతో జిల్లా సహకార అధికారి కార్యాలయానికి వెళ్లాలి. ఆ 3,00,000 ఎలా మళ్లించాలో ముందు ఆడిటరును అడగండి.

పరిగె | బుధవారం ఉదయం 8:10

సభ్యత్వం జాగ్రత్త. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తారు. మీ సంఘంలో ఫైనాన్సుల్లో ఇరుక్కున్నవాళ్లు ఎక్కువమంది వీళ్లే అయివుంటారు. మొదటి విడతలో వాళ్లకే ఇవ్వండి. అలాగని సభ్యత్వం క్రైస్తవులకే అని రాస్తే కుదరదు.

బ్రాడీపేట అడ్డరోడ్డు | బుధవారం రాత్రి 9:50

ముసాయిదా పెడుతున్నాను, దిద్దండి. "ఒక్కొక్క అప్పు 15,000 మించరాదు. ఒకరు ఇద్దరికి మించి జామీను ఉండరాదు, పరస్పర జామీను చెల్లదు. కమిటీ సభ్యులు, వారి ఇంటివారు పదవిలో ఉండగా అప్పు తీసుకోరాదు. రుసుము మిగిలిన బాకీ మీద నెలకు నూటికి 37 పైసలు, ముందు కోత లేదు. పాత బాకీ తీరకుండా కొత్త అప్పు లేదు. సభ్యులుగా సంఘ విశ్వాసులు చేరవచ్చు."

నోటు చెల్లు | బుధవారం రాత్రి 10:20

చివరి వాక్యంలో "సంఘ విశ్వాసులు" తీసేసి మీ వార్డుల పేర్లు రాసి "నివాసులు" అని పెట్టండి. సహకార సూత్రాల్లో మొదటిదే మత భేదం లేని సభ్యత్వం. లేకపోతే కాగితం వెనక్కి వస్తుంది. రుసుము వాక్యం పక్కన "ఏటా మహాసభలో ఖర్చు లెక్క చూసి తిరిగి నిర్ణయించాలి" అని చేర్చండి, 37 పైసలు శాశ్వతం కాకూడదు.